ఊరు చుట్టి వచ్చిన తీగ

“వరదరాజులు సామి ఇంట్లో ఇంటర్నెట్టుకు గూడా సవతిపోరు మొదలైందంట. ఒగ తీగ చాలదని రెండో తీగ తెచ్చుకునిరి. ఇప్పుడు రెండూ ఒగటై, ఒగేసారి అలిగి పండుకున్నాయంట.”

ఈ మాట అన్నది ఎదురింటి కొండమ్మ. అన్నది పాలుపోసే శాంతమ్మతో. శాంతమ్మ పాలతో పాటు ఆ మాటను కూడా నాలుగిళ్లకు కొలిచి పోసి, చివరికి ఆ వరదరాజులు ఇంటి గడపకే తెచ్చింది. ఇల్లాలు లీలావతి దాన్ని కాస్త చల్లార్చి, కాఫీతో పాటు కూతురి ముందు పెట్టింది.

విష్ణుప్రియకు కోపం రాలేదు. జరిగిన సంగతిని ఇంత పొందికగా చెప్పడం తనకే చేతకాలేదు మరి. గురువారం నాడు బెంగుళూరు కంపెనీ వాళ్లతో తెర మీద మాట్లాడుతూ ఉండగా, రూటరు మీద మొదటి లైను దీపం ఎర్రబడింది. పరవాలేదు, రెండోది అందుకుంటుందిలే అనుకునేలోపే రెండోదీ ఎర్రబడింది. అవతలి మొహాలన్నీ నోళ్లు సగం తెరిచి రాతిబొమ్మల్లా నిలబడిపోయాయి. లైన్లు లేచి కూర్చునేసరికి ఆ బొమ్మల్లో ఒక్కటే మిగిలింది. అది విష్ణుప్రియ పైఅధికారిణి.

“రెండు వేర్వేరు లైన్లు అన్నావు కదా ప్రియా,” అంది ఆవిడ మెత్తగా. మెత్తగా అనేవాళ్ల దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. “సోమవారం పాత కంప్యూటర్ల నుంచి కొత్తవాటికి పెద్ద మార్పిడి పని ఉంది. దాన్ని మీ ఇంటి నుంచే నిలబెట్టు. నిలబడితే ఇక ఎప్పటికీ అక్కడే ఉండి పని చేసుకో, నేను అడ్డు చెప్పను. ఆ రోజు కూడా ఇట్లాగే అయితే మంగళవారం ఆఫీసులో కనపడాలి.”

ఇవాళ ఆదివారం.

ఆళ్లగడ్డ మీద మాఘమాసపు మంచు ఇంకా లేవలేదు. నల్లమల కొండలు ఉన్నచోట తెల్లగా ఏదో ఉంది, కొండలు మాత్రం లేవు. వరదరాజులు ఊళ్లో లేడు. వేటకని బయల్దేరే అహోబిలం స్వామి పార్వేట పల్లకి వెంట పల్లెలు తిరుగుతున్నాడు. పల్లకి ఏ ఊళ్లో దిగితే ఆ ఊళ్లో ఆళ్వార్ల పాశురాలు చదవడం ఆ ఇంటి మగవాళ్లకు తరాల నుంచి వస్తున్న సేవ. ఈపాటికి ఏ శనగచేల గట్టు మీదో ఆయన గొంతు మంచులో తడుస్తూ ఉంటుంది.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటి విష్ణుప్రియ దగ్గర ఉంది. బెంగుళూరులో ఉన్నన్నాళ్లూ ఆమెకు కల రాలేదు. పడుకునేది, లేచేది. మధ్యలో ఏమీ లేదు, ఎవరో దీపం ఆర్పి మళ్లీ వెలిగించినట్టు. అది డాక్టరుకు చెప్పుకునే జబ్బూ కాదు, స్నేహితులకు చెప్పుకునే కష్టమూ కాదు. ఈ ఇంటికి వచ్చాక ఒక తెల్లవారుజామున చిన్న కల వచ్చింది. కొండ మీది దుప్పి ఒకటి వాళ్ల గచ్చు మీదికి వచ్చి, తొట్టిలో నీళ్లు తాగి, తల ఎత్తి ఆమెను చూసి పోయింది. అంతే. ఆమె లేచి కూర్చుని, ఏనాడో తప్పిపోయిన చుట్టం ఇల్లు వెతుక్కుంటూ వచ్చినట్టు ఏడ్చింది. ఆ తర్వాత కలలు దారి మరిచిపోలేదు. ఒక్కోరోజు ఒకటి, ఒక్కోరోజు గుంపుగా. ఇక్కడి నుంచి పోతే అవి తన వెంట బస్సెక్కవని ఆమె నమ్మకం. నమ్మకానికి రుజువు ఉండదు. అందుకే దాన్ని ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ కలల్ని దక్కించుకోవడానికే ఆమె ఇంటర్నెట్టును పెళ్లిసంబంధం చూసినంత శ్రద్ధగా చూసింది. నెట్టు కంపెనీవాళ్లు ఊరికే ఇచ్చే తెల్ల రూటరు డబ్బాను మొహమాటం లేకుండా వెనక్కి పంపేసింది.

“ఉత్తపుణ్యానికి ఇచ్చేదాన్ని వద్దంటావేందే,” అని లీలావతి నొచ్చుకుంది.

“దాని తాళంచెవి వాళ్ల చేతిలో ఉంటాదమ్మా. మన తలుపుకు ఊరోళ్ల తాళం ఎట్ల ఏసుకుంటాం?”

సొంతంగా ఒక రూటరు కొనుక్కుంది. రెండు లైన్లను చెరో చేత్తో పట్టుకునే రకం. ఒకటి కునుకు తీస్తే రెండోదాన్ని తట్టి లేపుతుంది. దాన్ని ఎక్కడ పెట్టాలనే దాని మీద నాయనను కన్న శ్రీరంగమ్మ అవ్వతో ఒక పూటంతా వాదన నడిచింది. అవ్వ దేవుడి గూటి పక్కనున్న గూట్లో పెట్టమంది, ఇంటికి మేలు చేసేది ఏదైనా అక్కడే ఉండాలని. ఆ గూడు మూరెడు మందం రాతిగోడలో ఉంది. రూటరు రెండు రకాల తరంగాలు పంపుతుందనీ, ఒకటి మోటుది, నెమ్మదిగానైనా గోడలు దాటి పోతుందనీ, రెండోది చురుకైనదే కానీ గారాబాల పిల్ల, రాతిగోడ కనిపిస్తే గడప దాటదనీ విష్ణుప్రియ చెప్పింది. “అట్లయితే అది మీ అమ్మ మాదిరి,” అని అవ్వ ఒప్పుకుంది. రూటరు నడిమింట్లో స్తంభానికి ఎక్కింది.

ఇక లైన్లు. మొదటిది ఆలోచించే పని లేదు. ఊళ్లో సగం ఇళ్లకు ఇంటర్నెట్టు ఇచ్చేది ఆమె మేనత్త కృష్ణమ్మ కొడుకు పార్థు. నంద్యాల నుంచి తీగ తెచ్చుకుని, మేడ మీది గదిలోంచి వీధివీధికీ పంచుతాడు. మాట పడని మనిషి, అర్ధరాత్రి పిలిచినా నిచ్చెన భుజాన వేసుకుని వచ్చే మనిషి. రెండోది మాత్రం వేరే దారిన రావాలి. ఒక జల మీద రెండు బోర్లు వేస్తే రెండూ ఒకే వేసవిలో ఎండుతాయని సీమలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఫోను నెట్టు నమ్ముకోవడానికి లేదు, అది కొండగాలి, వస్తే వచ్చింది. అందుకే ఆమె నంద్యాల పోయి, అక్కడ ఇంటర్నెట్టు లైన్లు ఇచ్చే శ్రీకాంత్ అనే ఆయన ఆఫీసులో కూర్చుని, వంద ప్రశ్నలు వేసింది. ఆయన ప్రతిదానికీ తల ఊపాడు. “మా లైను కోయిలకుంట్ల మీద నుంచి వస్తాది మేడం. మీ బావగారి దారికీ మా దారికీ సంబంధమే ల్యా,” అన్నాడు.

చెప్పినట్టే వచ్చింది. పార్థు తీగ తూర్పు పిట్టగోడ మీది నుంచి దిగితే, ఇది పడమటి పిట్టగోడ మీది నుంచి దిగింది. కోయిలకుంట్ల ఉన్నది పడమరే. ఇంటిల్లిపాదీ తృప్తిగా చూశారు. తీగ ఏ దిక్కున ఇంట్లోకి దిగితే ఆ దిక్కునే పుట్టిందనుకోవడం, వాకిలి చూసి వంశం చెప్పేవాళ్లు చేసే తప్పు. అంత చదివిన విష్ణుప్రియ కూడా ఆ తప్పే చేసింది.

గురువారం రెండూ పడిపోయినప్పుడు పార్థు, శిరివెళ్ల దగ్గర రోడ్డు పనిలో తీగ తెగిందన్నాడు. శ్రీకాంత్ ఫోనులో, తమవైపు కరెంటు పోయిందన్నాడు. రెండు కారణాలు, ఒకే నిమిషం. కాకతాళీయం అనుకుని సోమవారం పనికి సర్దుకోవడంలో పడింది. ఇప్పుడు కాఫీ గ్లాసు చేతిలో ఉండగా కొండమ్మ మాటలోని ఒక ముక్క ఆమె లోపల ముల్లులా నిలిచింది.

రెండూ ఒగటై.

గ్లాసు కింద పెట్టి కంప్యూటరు ముందు కూర్చుంది. బెంగుళూరుకు పంపిన మాట దారిలో ఎక్కడెక్కడ ఆగి పోతుందో అడిగితే అది చెబుతుంది, బస్సు కండక్టరు ఊళ్ల పేర్లు చెప్పినట్టు. మొదటి లైను మీద అడిగింది. ఇల్లు, పార్థు గది, నంద్యాల, కర్నూలు, ఆపైన పెద్ద ఊళ్లు. రెండో లైను మీద అడిగింది. ఇల్లు, పేరులేని మజిలీ ఒకటి, నంద్యాల, కర్నూలు. నంద్యాలలో రెండూ ఆగిన గడప ఒకటే. అక్కడికి సరిపెట్టుకోవచ్చు, పెద్ద ఊరు, అన్ని బస్సులూ ఆగేదే. కానీ ఆ పేరులేని మజిలీ మరీ దగ్గరగా ఉంది. తీగలో పరుగెత్తే వెలుగుకు కోయిలకుంట్ల పెద్ద దూరం కాదు, అయినా ఎంతో కొంత దూరమే కదా. ఈ మజిలీ వీధి చివర నిలబడి పలికినంత దగ్గర.

ఆమె లేచి, శాలువా కప్పుకుని, మేడ ఎక్కింది. పడమటి పిట్టగోడ మీద నల్లని తీగ మంచుకు తడిసి ఉంది. వేలితో తాకింది. లోపల తలవెంట్రుకంత గాజుపోగులో వెలుగు పరుగెడుతూ ఉంటుంది. కంటికి కనిపించే వెలుగు కాదు అది. అయినా ఆమెకు వేలి కింద ఏదో వెచ్చగా కదిలినట్టు అనిపించింది.

“యాడికే ఇంత పొద్దున?” అని లీలావతి కింది నుంచి అడిగింది.

“ఈడికేలేమ్మా. తీగ చూసొస్తా.”

వీధిలో తల పైకెత్తి నడవడం మొదలుపెట్టింది. మంచులో ఇళ్లు సగమే ఉన్నాయి. తీగ మాత్రం పూర్తిగా ఉంది. అది ఒక ఇనుప పైపు నుంచి ఇంకో పైపుకు, కాస్త వంగి, మళ్లీ లేచి, ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు సాగిపోతోంది. వాకిళ్లలో నీళ్లు చల్లేవాళ్లు ఆమెను చూసి దారి ఇచ్చారు. ఆమెకు తను నడుస్తున్నట్టు లేదు, తీగే తనను చుట్టుకుంటూ లాగుతున్నట్టు ఉంది. ఇది కలేమోనని ఒక క్షణం అనుమానం వచ్చింది. కలైతే బాగుండునని కూడా అనిపించింది. కలలో తీగ ఎక్కడికి చేరినా నష్టం లేదు.

శిల్పుల షెడ్ల దగ్గరికి వచ్చేసరికి మంచులోంచి దేవుళ్లు కనిపించారు. నిలబడినవాళ్లు, పడుకున్నవాళ్లు, ఇంకా రాతిలోంచి సగమే బయటికి వచ్చినవాళ్లు. ఎవరికీ కళ్లు తెరుచుకోలేదు. కళ్లు చివరన చెక్కుతారు. పెద్ద నరసింహస్వామి ఒకరు రోడ్డు వైపు తిరిగి, మూసిన కళ్లతో, ఎవరి మాటో వింటున్నట్టు నిలబడి ఉన్నాడు. తీగ ఆయన భుజం మీదుగా పోయింది.

“ఏం పాపా, ఆకాశం చూసుకుంటా పోతాండావు? ఉలి మీద కాలు పడ్తాది చూడు.” రాతికి నునుపు పెట్టే హన్నమ్మ, ఆ స్వామి పక్కన కూర్చుని, తడిగుడ్డతో ఒక అమ్మవారి పాదాలు తుడుస్తూ ఉంది.

“ఈ తీగ యాడికి పోతాదో చూస్తాండా హన్నమ్మక్కా.”

“అదా. మీ బావది గదా. స్వామి భుజానికి కట్టి బిగించినాడు ఆ పొద్దు. మా మేస్త్రి దేవునికి తాడేస్తావా అని తిట్టినాడు గూడా.”

“పార్థుదా? ఇది నంద్యాల ఆయప్పది గదా?”

“ఎవురిదో నాకేం తెల్సు తల్లీ. కట్టింది మీ బావ, తిట్లు తిన్నది మీ బావ. ఎండకు మాడిపోయి ఈ నీళ్లే తాగినాడు.” హన్నమ్మ గుడ్డ పిండి, మళ్లీ తుడవసాగింది. “ఆ కోయిలకుంట్ల పిల్లోడు మనోజు గూడా నెట్టు ఇస్తానని, ఇట్లనే తీగ కట్టుకుంటానని వచ్చినాడు పాపం. ఆడి నుంచి చేనుగట్ల మింద తీగ లాక్కోనొచ్చినాడు ఒగడే. మీ బావ పైపుల మింద చెయ్యి ఏయనీలే. ఊరి బయటనే చుట్ట చుట్టి తగిలించిపోయినాడు. ఉంటే ఇంగా ఆడనే ఉంటాది.”

విష్ణుప్రియ మళ్లీ తల పైకెత్తింది. తీగ వెంటే నడిచింది.

ఊరు అయిపోయేచోట కోయిలకుంట్ల రోడ్డు మంచులోకి పోయి మాయమైంది. అటూ ఇటూ శనగచేలు. చివరి ఇనుప పైపు అక్కడే ఉంది. ఇంతదాకా పడమరకు వచ్చిన తీగ, ఆ పైపు చుట్టూ ఒక్క మెలిక తిరిగి, వెనక్కి ఊళ్లోకే పోయింది. అంతే. కోయిలకుంట్ల మొహం కూడా చూడలేదు.

ఆమె ఆ మెలికను చాలాసేపు చూసింది.

పైపుకు కొంచెం అవతల తుమ్మచెట్టు కొమ్మకు ఒక చుట్ట వేలాడుతోంది. బండి చక్రమంత చుట్ట, మంచుబిందువులు పట్టి, మధ్యలో ఒక పిట్ట కూర్చుని ఉంది. దాని ఒక కొస చుట్టలోనే దాక్కుంది. ఇంకో కొస గట్ల మీదుగా, చేల మీదుగా, పడమర మంచులోకి పోయింది. అది నిజంగా వేరే జల. వేరే ఊరు, వేరే దారి, నంద్యాల దారం తెగినా తెగనిది. చెట్టుకీ పైపుకీ మధ్య నాలుగు బారలు. ఆ నాలుగు బారలు దాటలేక వెలుగంతా ఆ చుట్టలో ముడుచుకుని నిద్రపోతున్నట్టు ఉంది. ఆమె దగ్గరికి పోయి నిలబడింది. పిట్ట ఎగిరిపోయింది. చుట్ట కాసేపు ఊగి ఆగింది.

తిరుగుదారిలో తీగ బస్టాండు వెనక నుంచి, నాలుగు రోడ్ల కూడలి మీదుగా, దుకాణాల బోర్డుల వెనక దాక్కుంటూ నడిచి, ఆమె అనుకున్న చోటికే చేర్చింది. కృష్ణమ్మత్త ఇంటి మేడ మీది గదికి ఒకే కిటికీ ఉంది. దాంట్లోంచి బయటికి వచ్చే తీగల్లో రెండు ఆమె ఇంటివి. ఒకటి తిన్నగా పోయి తూర్పు పక్క నుంచి ఆమె ఇంట్లో దిగుతుంది. ఇంకొకటి ఊరంతా తిరిగి పడమటి పక్క నుంచి దిగుతుంది.

పార్థు మేడ మీదే ఉన్నాడు, పళ్లు తోముకుంటూ. కింద నిలబడిన మనిషిని చూశాడు. ఆమె చూపు పోయిన కిటికీని చూశాడు. ఆమె పిలవలేదు. అతను ఎందుకని అడగలేదు. నోరు కడుక్కుని, చెప్పులు వేసుకుని కిందికి వచ్చి, ఆమె వెనకే నడిచాడు.

నడిమింట్లో అవ్వ చేటలో కందిపప్పు వేసుకుని మట్టిబెడ్డలు ఏరుతోంది. లీలావతి మేనల్లుణ్ని చూసి కాఫీ తెచ్చింది. స్తంభం మీద రూటరు రెండు పచ్చదీపాలతో బుద్ధిమంతురాలిలా ఉంది.

“రెండో తీగ ఎవురిది బావా?” అంది విష్ణుప్రియ.

“శ్రీకాంతన్నది.”

“కట్టిందెవురు?”

“నేనే. ఆయప్పకు ఈ ఊళ్లో మనుషుల్లేరు. కట్టీయమన్నాడు, కట్టిచ్చినా. దాంట్లో తప్పేముంది?”

“తప్పు లేదు. దాంట్లో వచ్చే వెలుగెవురిది?”

పార్థు కాఫీ గ్లాసును రెండు చేతుల మధ్య తిప్పాడు. “చల్లారిపోయిందత్తా,” అన్నాడు లీలావతితో. ఆమె కదల్లేదు. పొగలు కక్కుతున్న గ్లాసు అది.

“నాదే,” అన్నాడు చివరికి.

“నీదంటే?” అంది లీలావతి.

“రెండూ నా గదిలోంచే వస్తాండాయి అత్తా. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు నాకుండేది ఒగటే దారం. శ్రీకాంతన్న నాకు ఇచ్చేదీ అదే, ఈమెకు ఇచ్చేదీ అదే. ఆయప్పకు కోయిలకుంట్ల మింద లైను లేదు. ఏస్తామని అనుకుంటాండారు. ఇంగా ఏయలే.”

అవ్వ చేట ఒకసారి కొట్టి, పొట్టు ఊదింది. “అంటే స్వామి పార్వేట మాదిరి. పల్లకి యాడాడ తిరిగినా, బయల్దేరింది ఒగ గుళ్లో నుంచే.”

“ఎగతాళి చేయొద్దవ్వా.”

“ఎగతాళి కాదురా. పల్లకి తిరిగితే నాలుగూళ్లకు దర్శనమన్నా అయితాది. నీ తీగ తిరిగితే ఎవురికేమొచ్చె?”

పార్థు సమాధానం అవ్వకు చెప్పలేదు. విష్ణుప్రియ వైపు తిరిగాడు. “పడమటి దిక్కు నుంచి రావల్లంటివి. తెచ్చినా. ఎండలో ఆ పైపూ ఈ పైపూ ఎక్కి, దేవునికి తాడేసినావని తిట్లు తిని, ఊరంతా తిప్పి తెచ్చినా. నీ కోసరం ఎవురైనా అంత తీగ పారేసినారా?”

లీలావతికి నవ్వు వచ్చి, కొంగు అడ్డం పెట్టుకుంది. విష్ణుప్రియకూ రాబోయింది. ఆ వచ్చిన నవ్వే ఎక్కడో గుచ్చుకుని ఆగిపోయింది. ఒక మనిషి ఊరంత అబద్ధాన్ని మోసుకుంటూ, పైపు పైపుకీ ముడి వేసుకుంటూ, తన ఇంటి చుట్టూ తిరిగి రావడం ఆమె కళ్లకు కట్టింది. కోపం తెచ్చుకోవడానికి చాలా ప్రయత్నం చేయవలసి వచ్చింది.

“ఒగటే దారం అని ఆ పొద్దే చెప్పుంటే?”

“చెప్తే నువ్వు ఆ పొద్దే పెట్టె సర్దుకునేదానివి. తెగకుండా చూసుకుంటే చాల్లే అనుకున్యా. శిరివెళ్ల కాడ తవ్వుతారని నేను కలగన్నానా?”

“నువ్వు కనలేదులే,” అంది ఆమె. అని, ఎందుకో, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పనిది అక్కడే, ఆ ముగ్గురి ముందే చెప్పేసింది. “నాకొస్తాయి. ఈడుంటే కలలొస్తాయి. ఆడ రావు. అందుకే ఉండల్లనుకున్యా. ఉద్యోగం కోసరం గాదు, మీ కోసరం గూడా గాదు.”

లీలావతి కూతురి మొహంలోకి చూసింది, జ్వరమేమోనన్నట్టు. పార్థు తల వంచుకున్నాడు. అవ్వ మాత్రం చేట పక్కకు జరిపి, ఇది రోజూ ఉండే సంగతే అన్నట్టు అడిగింది.

“ఏమొస్తాయి?”

“ఒగ దుప్పి వస్తాది అవ్వా. గచ్చు మీదికొచ్చి నీళ్లు తాగి పోతాది. ఒగోసారి నాయన గొంతు వస్తాది, మనిషి కనపడడు. మొన్న మన ఇంట్లోకి కుందూ ఏటి నీళ్లు వచ్చినాయి, మోకాళ్లదాకా. ఎవరమూ భయపడలే. నువ్వు దాంట్లోనే కూర్చోని పప్పు ఏరుతాండావు.”

“ఏరుతా,” అంది అవ్వ. “నీళ్లొచ్చినాయని పప్పులో రాళ్లు పోతాయా?” మనవరాలి తల దగ్గరికి తీసుకుని నుదుటి మీది తడి తుడిచింది. అది మంచో చెమటో తెలియదు. “చిన్నప్పుడు గూడా కల చెప్పందే పాలు తాగేదానివి కాదు. మధ్యలో ఏమైపోయిందో అనుకునేదాన్ని.”

బయట మంచు పలచబడింది. వాకిట్లోంచి ఎండ ఒక చారలా వచ్చి, స్తంభం మొదట్లో పడుకుంది. ఆ ఇంట్లో ఎవరికీ లేవాలని లేదు. కొంచెంసేపు రేపటి సోమవారం కూడా ఎక్కడో దూరపు పల్లెలో ఆగిపోయినట్టే ఉంది.

మొదట లేచింది విష్ణుప్రియే. “బావా, ఊరి బయట తుమ్మచెట్టుకు ఒగ చుట్ట ఉంది. చూసొచ్చినా.”

పార్థు తల ఎత్తాడు. ఇంతసేపూ ఆ మొహంలో ఉన్న దొంగ దొరికిపోయిన మెత్తదనం పోయింది.

“కోయిలకుంట్ల మనోజ్‌ది,” అంది ఆమె. “నిజంగా పడమర నుంచి వచ్చింది అదొగటే. నీ పైపుల మింద దానికి చోటిస్తే మాపటికి ఇంటికొస్తాది. నీ లైనూ ఉంటాది, అదీ ఉంటాది. రేపు శిరివెళ్ల కాడ మళ్లా తెగినా నా పని నిలబడతాది. నేను ఈడనే ఉంటా.”

“కరెంటు స్తంభాల మింద కట్టుకోమను.”

“దానికి అనుమతి వచ్చేసరికి ఉగాది దాటిపోతాది. రేపు సోమవారం.”

“ఆ పిల్లోడు నీ ఇంటి కాడ ఆగడు ప్రియా.” అతని గొంతు చాలా నెమ్మదిగా ఉంది. “ఒగ తీగ లోపలికి వచ్చిందంటే, ఎల్లుండికి కొండమ్మ ఇంట్లో ఉంటాది. వారానికి వీధంతా ఉంటాది. ఆ పైపులు ఒగొగటీ నేను గుంత తవ్వి పాతినవి. మా నాయన పోయినాక మా అమ్మను నేను ఆ పైపుల మిందనే సాకుతాండా.”

“మీ నాయన పోయిన పొద్దు మీకు అన్నం వండి పంపింది ఈ ఇంట్లో నుంచే,” అంది లీలావతి. అని, అనకుండా ఉండవలసిందని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మరిచిపోలేదత్తా.”

“ఒగ ఇంటికే ఇయ్యి బావా. ఈ ఒగ ఇంటికే. మనోజ్‌తో నేను మాట్లాడతా.”

“నువ్వు మాట్లాడతావు. వాడూ సరే అంటాడు. శ్రీకాంతన్న గూడా నీకు సరేననే గదా అన్యాడు.”

అవ్వ పప్పు మూట కట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి, మనవడి వైపు తిరిగింది. ఆమె కళ్లకు చూపు తగ్గింది కానీ, ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఎప్పుడూ తప్పు పోదు.

“ఏరా పార్థూ. పిల్ల ఈడుండల్లని దేవుని భుజానికి తాడేసినావు. బాగుంది. ఇప్పుడది ఉండే దారి చెట్టుకు వేలాడతాంది. సుట్టు తిప్పి చెప్పొద్దు, నీకు సుట్టు తిప్పే అలవాటుంది. పైపులిస్తావా, ఇయ్యవా?”

పార్థు లేచి నిలబడ్డాడు. తాగని కాఫీ గ్లాసును స్తంభం పక్కన పెట్టాడు. అవ్వ వైపు చూడలేదు. విష్ణుప్రియ కళ్లలోకి, ఆ పొద్దున మొదటిసారి, తిన్నగా చూశాడు.

“ఇయ్యను. నీ కోసరం అబద్ధమాడినా, ఇంగా ఆడమన్నా ఆడతా. పైపులు మాత్రం ఇయ్యను.”